నాలుగు కళ్ల ఓడ

మన సిటీ బస్సులు నాలుగింటిని వరసగా ఒకదాని వెనక ఒకటి నిలబెడితే ఎంత పొడవుంటుంది? నలభై మీటర్లకు కాస్త అటూ ఇటూ. 2018 సెప్టెంబరు 30న దక్షిణ చైనా సముద్రంలో రెండు యుద్ధనౌకల మధ్య మిగిలింది అంతే దూరం. ఒకటి అమెరికా ఓడ డెకేటర్. రెండోది చైనా ఓడ లాంఝౌ. స్ప్రాట్లీ దీవుల్లో గావెన్ దిబ్బల పక్కనుంచి అమెరికా ఓడ వెళ్తుంటే, 'ఇక్కణ్నుంచి వెళ్లిపో' అంటూ లాంఝౌ దాని ముక్కుకు అడ్డంగా వచ్చేసింది. డెకేటర్ చప్పున పక్కకు తిరిగింది కాబట్టి సరిపోయింది. వేల టన్నుల ఓడకు బ్రేకులుండవు. ఇంజన్లు వెనక్కి తిప్పినా ఆగేసరికి వందల మీటర్లు ముందుకు పోతుంది.

ఆ వారం పత్రికలన్నీ రెండు దేశాల పంతాల గురించి రాశాయి. నా దృష్టి మాత్రం లాంఝౌ మీద పడింది. ఎందుకంటే అది పక్క ఓడ మీదికి దూసుకెళ్లడానికి కట్టింది కాదు. వంద కిలోమీటర్ల అవతల ఆకాశంలో వచ్చే ముప్పును చూసి కూల్చడానికి కట్టింది.

పేరు సంగతి ముందు చెప్పేస్తాను. లాంఝౌకి సముద్రం లేదు. గాన్సు రాష్ట్రంలో పసుపు నది ఒడ్డునున్న ఊరది. చేత్తో సాగదీసి చేసే నూడుల్స్‌కి ప్రసిద్ధి. డిస్ట్రాయర్లకు నగరాల పేర్లు పెట్టడం చైనా వాళ్ల ఆనవాయితీ. మనం నవ్వడానికేమీ లేదు, సముద్రం మొహమెరగని ఇంఫాల్ పేరుతో మన నౌకాదళంలోనూ 2023లో ఒక ఓడ చేరింది.

అసలు ఇలాంటి ఓడ చైనాకు ఎందుకు కావలసి వచ్చింది? 1996లో తైవాన్ ఎన్నికల ముందు చైనా ఆ దీవి చుట్టూ క్షిపణులు వదిలి బెదిరించింది. అమెరికా రెండు విమానవాహక నౌకల బృందాలను అటు పంపింది. అప్పటి చైనా ఓడల మీదున్న విమాన విధ్వంసక క్షిపణులు పన్నెండు కిలోమీటర్లకు మించి పోవు. శత్రు విమానం అంతకన్నా ఎంతో దూరం నుంచే తన క్షిపణిని వదిలి వెనక్కి వెళ్లిపోగలదు. అంటే నడిసంద్రంలో చైనా ఓడకు నెత్తిమీద గొడుగు లేదన్నమాట.

గొడుగుంటే చాలదు, సమయానికి విప్పగలగాలి. 1982 మే 4న ఫాక్లాండ్స్ యుద్ధంలో బ్రిటన్ ఓడ షెఫీల్డ్ ఒకే ఒక్క ఎగ్జోసెట్ క్షిపణికి బలైంది. ఇరవై మంది చనిపోయారు. విచిత్రమేమిటంటే, మిగతా ఓడలకు ఆకాశం వైపు నుంచి కాపలా కాయడమే షెఫీల్డ్ పని!

ఎలా జరుగుతుందిది? సాయంత్రం పూట బీచిలో కూర్చుని దూరంగా పోయే పడవను చూడండి. ముందు దాని అడుగు మాయమవుతుంది, తర్వాత పైభాగం. భూమి గుండ్రం కదా. రాడార్‌కీ అదే ఇబ్బంది. ఓడ మీద ఇరవై మీటర్ల ఎత్తులో పెట్టిన రాడార్‌కి, నీటికి అయిదు మీటర్ల ఎత్తులో జారుకుంటూ వచ్చే క్షిపణి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది కిలోమీటర్ల దగ్గరికి వస్తేగానీ కనబడదు. అది ధ్వనికి కొంచెం తక్కువ వేగంతో వస్తుంటే ఓడ చేతిలో ఉండేది నిమిషంన్నర. ధ్వనికి రెండున్నర రెట్ల వేగమైతే అరనిమిషం పైచిలుకు. మనం సెల్‌ఫోన్ ఎక్కడ పెట్టామో వెతుక్కునేంత సేపు.

పాతకాలపు రాడార్ గిరగిరా తిరుగుతుంది. ఒక చుట్టు తిరిగి మళ్లీ అదే దిక్కు చూసేసరికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆలోగా క్షిపణి కిలోమీటరు పైగా వచ్చేస్తుంది. లాంఝౌలో ఆ తిరుగుడు లేదు. ఓడ నడిపే గదికి చుట్టూ నాలుగు మూలలా నాలుగు పెద్ద పలకలు బిగించారు. ఒక్కో పలకలో ఎన్నో చిన్న చిన్న యాంటెన్నాలు. పలక కదలదు, దానిలోంచి వచ్చే తరంగాల దిశను మాత్రం కంప్యూటర్ రెప్పపాటు కన్నా త్వరగా మారుస్తూ పోతుంది. నాలుగు కళ్లు, నాలుగు దిక్కులు. ఒకేసారి అనేక లక్ష్యాలను వెంటాడతాయి. అమెరికా ఓడల్లో ఈ ఏర్పాటు 1983 నుంచే ఉంది. చైనాకు లాంఝౌతోనే, 2004లో వచ్చింది.

ఇక ఆయుధం. రివాల్వర్‌లో తూటాల్లాగా గుండ్రటి గొట్టానికి ఆరు చొప్పున, ఎనిమిది గొట్టాల్లో 48 క్షిపణులు నిలువుగా ఉంటాయి. వాయువు ఒత్తిడితో క్షిపణి ముందు గాల్లోకి ఎగురుతుంది, అక్కడ దాని ఇంజన్ అంటుకుంటుంది. ఒకవేళ అంటుకోకపోతే? మంట ఓడ లోపల పుట్టదు కదా, అదో నిశ్చింత.

కళ్లు సొంతం, చేతులు సొంతం. గుండె మాత్రం అరువు. అంతకుముందు తరం ఓడకు చైనా అమెరికా గ్యాస్ టర్బైన్లు కొంది. 1989లో తియనన్మెన్ ఘటన తర్వాత అమెరికా ఆ తలుపు మూసేసింది. దాంతో ఉక్రెయిన్‌లోని మైకొలాయివ్ నగరం వైపు తిరిగింది. లాంఝౌను నడిపే టర్బైన్ల పుట్టిల్లు అదే. ఆ ఊరితో మన విశాఖకూ చుట్టరికముంది. అక్కడ కట్టిన ఐఎన్ఎస్ రాజ్‌పుత్ 2021 మేలో విశాఖలోనే విశ్రాంతి తీసుకుంది. అదే ఏడాది నవంబరులో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ విశాఖపట్నం ఇంజన్లు కూడా మైకొలాయివ్‌వే. ఈ ఓడకూ నాలుగు కళ్ల రాడారే, ఇజ్రాయెల్‌ది. దాని బరాక్-8 క్షిపణుల తయారీలో మన హైదరాబాద్ కంచన్‌బాగ్ చెయ్యి ఉంది. పోటీదారుల ఓడలకు గుండె పోసిన ఆ నగరం 2022 నుంచి రష్యా దాడుల్లో దెబ్బలు తింటోంది.

నన్ను ఆలోచనలో పడేసేది చైనా హడావిడి కాదు, ఓపిక. 1990ల నుంచి వాళ్లు ఒక్కో రకం ఓడ ఒకటో రెండో కట్టడం, సముద్రంలో తిప్పి చూడటం, తప్పులు దిద్దుకుని మరో రకం మొదలెట్టడం. మన అమ్మమ్మలు పెనం వేడి చూసుకోడానికి ముందు చిన్న దోసె వేసినట్టు. లాంఝౌ, దాని తోబుట్టువు హైకౌ కూడా అలా వేసిన రెండు దోసెలే. 2005 తర్వాత ఈ తరగతిలో ఎనిమిదేళ్లపాటు కొత్త ఓడ చేరలేదు. ఆ మధ్యలో షాంఘై నడిబొడ్డునున్న జియాంగ్నాన్ నౌకా నిర్మాణ కేంద్రాన్ని 2010 ప్రపంచ ప్రదర్శన కోసం యాంగ్జీ ముఖద్వారంలోని చాంగ్‌షింగ్ దీవికి తరలించారు. హైకౌ మాత్రం ఖాళీగా లేదు. 2008 డిసెంబరు 26న సోమాలియా దొంగల నుంచి సరుకు ఓడలను కాచేందుకు సాన్యా రేవు నుంచి బయల్దేరిన చైనా తొలి బృందంలో అదీ ఒకటి.

కొత్త చోట పెనం వేడెక్కింది. ఈ తరగతిలో మరో నాలుగు ఓడలు 2013, 2015 మధ్య వచ్చాయి. ఆ వెంటనే దీని తమ్ముడు 052డి. మొదటిది కున్‌మింగ్, 2014. గొట్టాలు 64. వాటిలో రకరకాల క్షిపణులు పడతాయి. ఉక్రెయిన్ టర్బైన్‌ను ఇంట్లోనే చేసుకోవడమూ నేర్చేశారు. ఇలాంటివి ఇప్పటికి పాతిక దాటాయి. వీటికన్నా ఎంతో పెద్దదైన 055 రకం 2020 నుంచి చేరుతోంది. మన దగ్గర విశాఖపట్నం తరగతి నాలుగు ఓడలు పూర్తయ్యేసరికి 2025 జనవరి వచ్చింది.

ఆ పాతిక పైచిలుకులో ఒకటి గుయిలిన్. 2025 ఆగస్టు 11న ఫిలిప్పీన్స్ పక్కన స్కార్‌బరో దిబ్బ దగ్గర ఉంది. ఫిలిప్పీన్స్ తీరరక్షక నౌక సులువాన్‌ను చైనా తీరరక్షక నౌక 3104 తరుముతోంది. గుయిలిన్ కూడా ఆ వేటలో దిగి అడ్డంగా వచ్చింది. సులువాన్ తప్పించుకుపోయింది. వందల కిలోమీటర్ల ఆకాశాన్ని గాలించే ఓడా, సొంత దేశపు ఓడా ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.

సులువాన్ నుంచి తీసిన వీడియోను ఫిలిప్పీన్స్ విడుదల చేసింది. ఢీకొనడానికి కొద్ది క్షణాల ముందు 3104 ముక్కు దగ్గర మనుషులు నిలబడి కనిపిస్తారు. తర్వాత ఆ ముక్కు భాగం అప్పడంలా నలిగిపోయి ఉంటుంది. సాయం కావాలా అని ఫిలిప్పీన్స్ వాళ్లు అడిగారు. ఆ రోజు చైనా తీరరక్షక దళం ఇచ్చిన ప్రకటనలో అసలు ఓడలు ఢీకొన్నాయన్న మాటే లేదు.