కొండలోయలో రైలుకట్ట

సైకిలు పల్లపు దేశములకు తగిన వాహనమని సామాన్యముగ తలంతురు. కాలువకట్ట మీదను, పొలముల నడుమను, పట్టణపు వీథులలోను అది చక్కగ నడచును. కొండ ఎదురైనచో దిగి నడిపించుకొని పోవలసినదే యని లోకాభిప్రాయము. ఈ అభిప్రాయమును తొలుత ఎదిరించినవారిలో ఫ్రాన్సు దేశమున సెయింట్ ఎతియెన్ పట్టణవాసియైన పోల్ ద వివీ ముఖ్యుడు. ఆయన 1887లో ఒక సైకిలు పత్రికను స్థాపించి, వెలోసియో అను మారుపేరుతో వ్రాయుచు, పందెములకొరకు గాక దేశము చూచుటకై సైకిలు తొక్కుడని జీవితాంతము బోధించెను. కొండ ఎక్కవలెనన్న గేర్లు మార్చుకొను సాధనము ఉండి తీరవలెనని ఆయన పట్టుదల. పందెగాండ్రు దానిని ముసలివారికి, దుర్బలులకు తగిన వస్తువని ఎగతాళి చేసిరి. టూర్ ద ఫ్రాన్స్ పందెములో అట్టి సాధనమునకు 1937లోగాని అనుమతి లభింపలేదు. అప్పటికి వివీ గతించి ఏడేండ్లయినది. ఎన్నో కనుమలను క్షేమముగ దాటి వచ్చిన ఆ మనుష్యుడు 1930లో తన పట్టణపు వీథిలోనే ట్రాము తగిలి మరణించెను.

గేరుతో సగము చిక్కు తీరినది. మిగిలిన సగము దారిది. వివీ తిరుగ మొదలిడిన నాళ్లలో కొండదారులు గుఱ్ఱపు బండ్లవి. ఆల్ప్సు పర్వతములలో స్తెల్వియో కనుమ మీదుగ 1820-25 నడుమ వేసిన దారి 2,757 మీటర్ల ఎత్తునకు ఎక్కును. ప్రాతో గ్రామము వైపున దానికి 48 మలుపులు. అవి గుఱ్ఱముల ఊపిరిని కొలిచి వేసిన మలుపులు. ఈనాడు వేసవిలో వాని మీద కార్లు, మోటారు సైకిళ్లు బారులు తీరును. సంచుల బరువుతో నెమ్మదిగ ఎక్కు సైకిలు యాత్రికుడు రోడ్డు అంచు పట్టుకొని, చెవి వెనుకకు పెట్టి పోవలసినవాడే. మైదానములో మోటారు చప్పుడు గాలిలో కలిసిపోవును. ఇరుకు లోయలో అది ఈ కొండకు, ఆ కొండకు తగిలి తిరిగి వచ్చును. ఏటి సవ్వడి, ఆవుల మెడగంటలు వినవలెనని అంత దూరము వచ్చినవానికి వినబడునది ఆ రొద యొక్కటే.

ఈ చిక్కునకు విరుగుడు ఎవరును తలపోయని దిక్కునుండి వచ్చినది. అది రైలు. ఇనుప పట్టా మీద ఇనుపచక్రము జారును. అందుచేత సామాన్యపు రైలుబండి నూరడుగుల దూరమునకు రెండు మూడడుగులకంటె ఎక్కువ ఎత్తు ఎక్కజాలదు. ఆ వాలును కాపాడుటకే ఇంజనీర్లు కొండచరియను చుట్టి వత్తురు, ఏటికి అడ్డముగ వంతెన కట్టుదురు, అడ్డు వచ్చిన రాతిని తొలుతురు. ముసలివారు, పదేండ్ల పిల్లలు, డేరాయు గుడ్డలును వెనుక కట్టుకొన్న బాటసారి, వీరందరి కాళ్లకు సరిపడు వాలు కూడ సరిగ అదియే. అందుచేత పట్టాలు పెరికివేసిన రైలుకట్టకంటె కొండలలో మేలైన సైకిలు దారి దొరకదు. మోటారు రోడ్డును దాటవలసిన చోట్లు దానికి కొద్ది. సొరంగములలో దీపములు పెట్టిన చాలును. స్పెయిను దేశమున 1993లో ఈ పని ఒక జాతీయ కార్యక్రమముగనే ఆరంభమైనది.

ఇట్టి దారులలో ఆస్ట్రియాలోని సాల్జ్‌బుర్గు నగరమునుండి ఇటలీ సముద్రతీరమునందలి గ్రాదో వరకు పోవు ఆల్పె ఆద్రియా మార్గము ప్రసిద్ధమైనది. పొడవు సుమారు 410 కిలోమీటర్లు. నడుమ అడ్డు వచ్చు తావెర్న్ పర్వతశ్రేణిని యాత్రికుడు ఎక్కనక్కర లేదు. సైకిలుతోగూడ రైలులో కూర్చుండి, 1909లో తెరచిన ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు సొరంగము గుండ అవతలికి చేరును. ఇది మోసమని నిష్ఠాపరులు కొందరు సణుగుదురు. కాళ్లు నొచ్చినవారు సణుగరు.

ఈ దారికి అసలు రసపట్టు ఇటలీ సరిహద్దు దాటిన పిదప వచ్చును. సుమారు 750 మీటర్ల ఎత్తునగల తార్విజియో నుండి ఫెల్లా నది వెంబడి పాత రైలుకట్ట పల్లమునకు దిగును. ఊదినె నగరమునుండి పొంతెబ్బా వరకు ఈ రైలు 1879లో పూర్తియైనది. ఆనాడు పొంతెబ్బా ఇటలీకి కడపటి ఊరు. వాగు దాటిన అవతలిది ఆస్ట్రియావారి పొంతాఫెల్. నడుమ ఒక్క వాగే, కాని రెండు రాజ్యములు, రెండు స్టేషనులు, రెండు భాషలలో పెట్టెలు విప్పించు సుంకపు అధికారులు. మొదటి ప్రపంచ యుద్ధానంతరము సరిహద్దు తూర్పునకు జరిగి ఆ రెండూళ్లు ఒక్కటైనవి. 1980 దశకములో అదే లోయలో ఎత్తైన స్తంభముల మీద పెద్ద మోటారు రహదారి వెలసినది. 2000 నాటికి క్రొత్త జోడు పట్టాల రైలుమార్గము చాలవరకు సొరంగములలో సిద్ధమైనది. అనగా ఇచ్చట రైలు చావలేదు. కొండ కడుపులోనికి పోయినది. విడిచిపోయిన కట్టను సైకిళ్లకు ఇచ్చిరి.

ఫలితము కన్నులార చూడదగినది. ఒకే ఇరుకు లోయలో నది, పాతరోడ్డు, పెద్ద రహదారి, రైలు, సైకిలు దారి. ఎవరి చోటు వారిది. పందొమ్మిదవ శతాబ్దపు ఇనుప వంతెనల మీదుగ, ఫెల్లా నదిలోని తెల్లని రాళ్లు క్రింద కనబడుచుండగ సైకిలు దిగిపోవును. క్యూజాఫోర్తె గ్రామపు పాత స్టేషనులో ఇప్పుడు టిక్కెట్టు లియ్యరు, కాఫీ ఇత్తురు. ప్లాట్‌ఫారము మీద సైకిళ్లు ఆనించి జనము కూర్చుందురు. ఇంకను దిగువ 1976 భూకంపమున నేలమట్టమైన వెంజోనే పట్టణపు దేవాలయము, రాలిన రాళ్లనే ఏరి తిరిగి పేర్చి కట్టినది, దారినిపోవువానిని ఆపును. 2012లో ఆస్ట్రియాలోని విల్లాఖ్ నుండి ఊదినె వరకు సైకిళ్ల నెక్కించుకొను రైలు నడువ నారంభించినది. దిగునది కాళ్లతో, ఎక్కునది రైలుతో; కారు ప్రసక్తియే లేదు. ఐనను కొందరు యాత్రికుల సామాను మాత్రము కారులో ఊరినుండి ఊరికి ముందుగ పోవుచుండును. ఆ కారు చప్పుడు మరియొకరి చెవికి వినబడును గదా!

ఇచ్చటికి పడమటగ దొలోమైట్ పర్వతములలో ఇట్టిదే మరియొక దారి కలదు. చూపునకు రెండును ఒక్కటే. లెక్క మాత్రము వేరు. కలాల్జో నుండి కోర్తినా మీదుగ తోబ్లాఖ్ వరకు పోయిన ఆ చిన్నరైలు యుద్ధము కన్నబిడ్డ. మొదటి ప్రపంచ యుద్ధములో ఇటలీ సైన్యము దక్షిణమునుండి, ఆస్ట్రియా సైన్యము ఉత్తరమునుండి, ఒకరి మీదికి మరియొకరు గుండ్లు చేరవేయుటకై వేసికొన్న ముక్కలను యుద్ధానంతరము కలిపి, 1921లో ప్రజలకు తెరచిరి. 1956 శీతకాలపు ఒలింపిక్సు కోర్తినాలో జరిగినప్పుడు ఈ బండి జనమును మోసినది. ఎనిమిదేండ్లకే, 1964లో, దానిని మూసివేసిరి. కార్లు, బస్సులు వచ్చినవి గదా, ఇక రైలేల యనిరి. పట్టాలు లేచిపోయినవి. కట్ట మిగిలినది. నేడది సుమారు అరువది కిలోమీటర్ల సైకిలు దారి. తోబ్లాఖ్ నుండి కోర్తినా వరకు చలికాలమున మంచుపలకలు కట్టుకొని జారువారికి బాట.

తోబ్లాఖ్ పేరు సంగీతజ్ఞులు ఎరుగుదురు. స్వరకర్త గుస్తావ్ మాహ్లర్ 1908 మొదలు మూడు వేసవులు ఆ ఊరి చెంత గడపి, ఒక చిన్న కొయ్యగదిలో ఒంటరిగ కూర్చుండి తన తొమ్మిదవ సింఫనీని రచించెను. ఆయనకు పొలమువారి కేకలే భరింపరానివిగ తోచినవట. నేటి వేసవిలో ఆ లోయ రోడ్డు మీది రద్దీని వినియున్నచో ఏమనెడివాడో!

నిశ్శబ్దముగ, హాయిగ సాగిపోవు ఈ దారి వలన యాత్రికునకు లాభమే. కాని ఆ లోయ ప్రజలకు రైలు పోయినది. బడికి పోవు పిల్లకు, ఆస్పత్రికి పోవు ముసలమ్మకు, కోర్తినా హోటళ్లలో కూలికి పోవువారికి మిగిలినది అదే రద్దీ రోడ్డు. 2026 శీతకాలపు ఒలింపిక్సునకు కోర్తినాను మరల వేదికగ ఎన్నుకొన్ననాడు ఆ ఊరికి రైలు లేదు. ఫెల్లా లోయలో రైలునకు వేరొక చోటు చూపిన పిదప కట్టను సైకిలుకు ఇచ్చిరి. ఇచ్చట రైలును చంపి కట్టను ఇచ్చిరి. మొదటిది ఏర్పాటు, రెండవది ఓదార్పు. రెంటిని ఒకే పొగడ్తతో పొగడు యాత్రా ప్రచారకుల మాటలను పాఠకులు కొంత తగ్గించి చదువుకొనవలెను. క్యూజాఫోర్తె వంటి పల్లెలకు సైతము బండి ఆగుట పోయినదన్నమాట మరువరానిది.

తిరుమల యాత్ర ఎరిగిన తెలుగువారికి ఈ తారతమ్యము క్రొత్తది కాదు. 1944లో ఘాటు రోడ్డు పడిన పిదప మోటారులో పోవువారు మోటారులో పోయిరి. అలిపిరి మెట్లదారి మాత్రము నడచువారిదిగ నిలిచినది. దారులు రెండైనందుననే నడకవానికి హారను మోత తప్పినది.

ఐనను దొలోమైట్ కట్టను కాపాడినవారి దూరదృష్టిని తక్కువ చేయరాదు. మూతపడిన రైలు భూమిని ముక్కలు చేసి అమ్మివేయుట ఎల్లచోట్ల జరుగుచున్న పనియే. నడుమ ఒక్క గజము పోయినను, ఒక ఇల్లు లేచినను, అది దారి కాకపోవును. తిరిగి కూర్చుట ఎవరి తరమును కాదు. సైకిళ్లు తిరుగుచున్నందుననే ఆ కట్ట ఈ కొస మొదలు ఆ కొస వరకు ఒక్కటిగ మిగిలినది. కోర్తినాకు మరల రైలు వేయవలెనను మాట ఆ ప్రాంతమున తరచు లేచుచునే యున్నది. కట్ట ఉన్నది గనుకనే ఆ మాటకు చోటున్నది. సైకిలు ప్రియులు దానిని తమ పాలిటి శత్రువుగ చూచుట తగదు. రైలు వేయదలచినవారును పటము గీయునప్పుడే, పట్టాల గీతతోపాటు, దాని ప్రక్కనో, నదికి అవతలి ఒడ్డుననో సైకిలుదారి గీతను గూడ గీసి చూపుట న్యాయము. ఫెల్లా లోయ అక్కడికి దూరము కాదు. పోయి చూచి రావచ్చును.