నాన్న ఫైలు మీ ఫోన్‌లో ఉందా?

ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు వస్తే మన దగ్గర ఒక పని తప్పకుండా జరుగుతుంది. రిపోర్టులన్నీ ఇంట్లో ఫోన్ బాగా వాడే మనిషి దగ్గరికి వచ్చి చేరతాయి. ఆ మనిషి మీరే అయ్యుంటారు. స్కాన్ పీడీఎఫ్, బయాప్సీ రిపోర్ట్ ఫొటో, మందుల బిల్లులు, డాక్టర్‌గారు ఏమన్నారో బాబాయ్ పంపిన వాయిస్ మెసేజ్... అన్నీ మీ వాట్సాప్‌లోనే. పాతికేళ్లు రాకముందే ఇంటికి మీరు సగం డాక్టర్ అయిపోతారు. ఆ జబ్బు ఊపిరితిత్తుల క్యాన్సర్ అయితే ఆ ఫైలు ఎలా మోయాలో ఈ వారం మాట్లాడుకుందాం.

"మా నాన్న జన్మలో సిగరెట్ ముట్టలేదండీ, ఈ జబ్బెలా వచ్చింది?" అని అడిగేవాళ్లు చాలామంది. ఈ క్యాన్సర్‌కి అన్నిటికన్నా పెద్ద కారణం పొగాకే, అందులో అనుమానం లేదు. కానీ పొగ తాగనివాళ్లకీ వస్తుంది. మన దేశంలో అలాంటివాళ్లు తక్కువేం కాదు. అమెరికాలో న్యూరోసర్జన్‌గా పనిచేసిన పాల్ కళానిధికి 36 ఏళ్లకే వచ్చింది. ఆయన రాసుకున్న పుస్తకం ఆయన పోయాక 2016లో వచ్చింది, మీలో కొందరు చదివే ఉంటారు. ఇక పొగ తాగినవాళ్ల సంగతా? ఇప్పుడు మానేసినా ట్రీట్‌మెంట్‌కి మేలే, కాబట్టి మాన్పించండి. "చేతులారా తెచ్చుకున్నావ్" అనే మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. దానివల్ల ఏ మచ్చా తగ్గదు.

ఇంకో సంగతి. వదలని దగ్గు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే మనకి మొదట గుర్తొచ్చేది టీబీ. టీబీ ఎక్కువున్న దేశం కాబట్టి అలా అనుకోవడం సహజమే. కానీ కఫం పరీక్షలో టీబీ తేలకపోయినా, మందులు వాడుతున్నా దగ్గు తగ్గకపోయినా అక్కడే ఆగిపోకండి. సీటీ స్కాన్ అవసరమా అని అడగండి. ఇలాంటి చోటే నెలలకి నెలలు పోతుంటాయి.

రేపే కీమో పెట్టించేయాలా?

క్యాన్సర్ అని తేలగానే చుట్టాలందరిదీ ఒకటే మాట: "ఆలస్యం చేయకండి, రేపే మొదలుపెట్టించండి". వాళ్ల భయం అర్థమవుతుంది. కానీ ఈ జబ్బులో మొదటి మందు ఏదన్నది చాలా ముఖ్యం.

ఊపిరితిత్తుల క్యాన్సర్లో సుమారు 85 శాతం 'నాన్ స్మాల్ సెల్' రకం. మిగతాది 'స్మాల్ సెల్', అది వేగంగా పాకుతుంది కాబట్టి దానికి కీమో త్వరగా మొదలుపెడతారు. నాన్ స్మాల్ సెల్‌లో జబ్బు తొలిదశలో ఉంటే ఆపరేషన్, మూడో దశలో ఎక్కువగా కీమో, రేడియేషన్ కలిపి, నాలుగో దశలో మందులు. ఆ మందులు ఏవో తేల్చేది బయాప్సీ ముక్క మీద చేసే జన్యు పరీక్షలు. ఈజీఎఫ్ఆర్, ఆల్క్, రాస్1 అనే పేర్లు రిపోర్టులో వెతకండి. మన దేశంలో అడినోకార్సినోమా రకం ఉన్నవాళ్లలో అటూఇటుగా నలుగురిలో ఒకరికి ఈజీఎఫ్ఆర్ మార్పు ఉంటుంది. ఉంటే చాలామందికి ముందు కీమో బదులు రోజూ వేసుకునే మాత్రతోనే మొదలవుతుంది.

ఈ రిపోర్టులు రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. పేషెంట్ పరిస్థితి మరీ బాగోకపోతే ఈలోపే డాక్టర్లు కీమో ఇస్తారు, అది వేరే విషయం. ఆగగలిగే పరిస్థితి ఉంటే మాత్రం ఆగడమే మంచిది. ముందే ఇమ్యూనోథెరపీ ఇచ్చేసి, తర్వాత ఈజీఎఫ్ఆర్ ఉందని తెలిసి ఒసిమెర్టినిబ్ మాత్ర మొదలుపెడితే ఊపిరితిత్తుల్లో వాపు వచ్చే ముప్పు పెరుగుతుంది. బయాప్సీ ముక్క పరీక్షకి సరిపోలేదంటే రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీ ఉంది, అడగండి.

డాక్టర్ రూమ్‌లోకి వెళ్లేముందు ఫోన్‌లో నాలుగు ప్రశ్నలు రాసుకోండి. ఏ రకం? ఏ దశ? జన్యు రిపోర్టులన్నీ వచ్చాయా? ఈ ట్రీట్‌మెంట్ నయం చేయడానికా, అదుపులో పెట్టడానికా? నాలుగోది అడగడానికి గొంతు రాదు. అయినా అడగండి. అప్పు ఎంత చేయాలి, పొలం అమ్మాలా వద్దా అన్న నిర్ణయాలన్నీ ఆ జవాబు మీదే ఉంటాయి.

మాత్రే కదా అనుకోవద్దు

కీమో అంటే భయపడేవాళ్లు మాత్ర అనగానే ఊపిరి పీల్చుకుంటారు. నిజమే, చాలామంది మాత్ర వేసుకుంటూ పనికి కూడా వెళ్తారు. కానీ జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ లాంటి మాత్రలతో మొహం మీద, ఛాతీ మీద మొటిమల్లాంటి పొక్కులొస్తాయి. చర్మం పొడిబారుతుంది, గోళ్ల పక్కన చీము పడుతుంది, విరేచనాలవుతాయి. మొటిమల క్రీములు రాయకండి, చర్మం ఇంకా ఎండిపోతుంది. మాయిశ్చరైజర్, ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్, ఘాటు లేని సబ్బు వాడాలి. ఎక్కువైతే డాక్టర్ యాంటీబయాటిక్ ఇస్తారు, లేదా డోసు తగ్గిస్తారు. మనంతట మనం మాత్ర ఆపేయకూడదు.

మన ఇళ్లల్లో ఎవరూ పట్టించుకోని ప్రమాదం గ్యాస్ ట్యాబ్లెట్. ఏ మందు వేసుకున్నా ముందు పరగడుపున ఒకటి వేసుకోవడం అలవాటైపోయింది. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. ప్యాంటోప్రజోల్, ఒమిప్రజోల్ లాంటివి ఆ ఆమ్లాన్నే తగ్గిస్తాయి. అంటే మందు వేసుకుంటున్నా సరిగ్గా అందదు. ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చినవి, ఆకుమందులు, అన్నీ ఫొటో తీసి క్యాన్సర్ డాక్టర్‌కి చూపించండి.

కీమో తీసుకుంటుంటే గుర్తుపెట్టుకోవాల్సిన అంకె 100.4. థర్మామీటర్లో జ్వరం ఆ డిగ్రీ చేరిందంటే పారాసెటమాల్ వేసి పడుకోబెట్టకండి. కీమో తర్వాత వారం, రెండు వారాల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడొచ్చే ఇన్ఫెక్షన్ కొన్ని గంటల్లోనే ప్రాణం మీదకి తెస్తుంది. అర్ధరాత్రైనా హాస్పిటల్‌కే. పెమెట్రెక్సెడ్ అనే కీమోతో పాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్రలు, బీ12 ఇంజెక్షన్లు "విటమిన్లే కదా" అని మానేయకండి. అవి ఆ మందు విషప్రభావాన్ని తగ్గించడానికే ఇస్తారు.

ఇమ్యూనోథెరపీకి బాటలు వేసిన ఇద్దరు శాస్త్రవేత్తలకి 2018లో నోబెల్ వచ్చింది. ఇది మన రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి వదులుతుంది. అది ఒక్కోసారి మన సొంత అవయవాల మీదా పడుతుంది: థైరాయిడ్, పేగులు, కాలేయం, ఊపిరితిత్తులు. మందు ఆపేసిన నెలల తర్వాత కూడా ఇలా జరగొచ్చు. వేరే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఈ మందు తీసుకున్న సంగతి మొదట చెప్పాలి. మందు ఏదైనా సరే, కొత్తగా ఆయాసం మొదలైతే వచ్చే రివ్యూ దాకా ఆగొద్దు. ఆ రోజే ఫోన్ చేయండి.

ఒకరోజు మాత్ర పనిచేయడం మానేస్తుంది. ఫ్లారా అనే అంతర్జాతీయ ట్రయల్‌లో ఒసిమెర్టినిబ్ వాడినవాళ్లలో సగంమందికి జబ్బు దాదాపు 19 నెలలు పెరగకుండా ఆగింది, పాతతరం మాత్రలతో 10 నెలలు. అప్పుడు మళ్లీ బయాప్సీ, మళ్లీ వేరే దారి. అది మీ నాన్న తిన్న వంకాయ వల్లో, మీరు మర్చిపోయిన ఒక్క డోసు వల్లో జరిగింది కాదు.

డబ్బు సంగతి

జెఫిటినిబ్ జెనరిక్‌గా దొరుకుతుంది. ఒసిమెర్టినిబ్ ఖరీదైనది, 2024 జులై బడ్జెట్లో దాని మీద కస్టమ్స్ సుంకం ఎత్తేశారు. అయినా కొనేముందు కంపెనీ పేషెంట్ సపోర్ట్ ప్రోగ్రామ్ ఉందేమో అడగండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్యసేవ కింద మీకు రాసిన మందు వస్తుందా లేదా అన్నది హాస్పిటల్లో ఆ పథకం డెస్క్ దగ్గర ముందే తేల్చుకోండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ప్రభుత్వానివే. సెకండ్ ఒపీనియన్ అడిగితే డాక్టర్ ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

పాలియేటివ్ కేర్ అంటే చేతులెత్తేయడం అనుకుంటారు మనవాళ్లు. కాదు. నొప్పి, ఆయాసం, నిద్ర, దిగులు చూసే వైద్యం అది. నాలుగో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్ పేషెంట్లకి మొదటినుంచే దాన్ని జతచేస్తే బాగా బతికారని, సగటున ఇంకొంత ఎక్కువకాలం కూడా బతికారని 2010లో వచ్చిన అమెరికా అధ్యయనం చెప్పింది.

"నాన్నకి చెప్పొద్దు"

అన్నిటికన్నా బరువైనది ఈ మాట. అమ్మ అంటుంది, మేనమామ అంటాడు, ప్రేమతోనే అంటారు. "ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది" అని చెప్పి మాత్రలు చేతిలో పెడతారు. కానీ నిమ్ముకి మందు వాడుతున్నాననుకునే మనిషి మొహం నిండా పొక్కులొస్తే ఏం చేస్తాడు? మాత్ర ఆపేస్తాడు. 100.4 జ్వరాన్ని ఎందుకు లెక్కచేస్తాడు? సైడ్ ఎఫెక్ట్‌ని మొదట కనిపెట్టాల్సింది ఆయనే. పైగా హాస్పిటల్ బోర్డు మీద పేరు ఆయనా చదవగలడు. చాలా ఇళ్లల్లో ఆయనకి తెలుసు, మీ కోసం తెలియనట్టు ఉంటున్నాడంతే.

అన్నీ ఒకేసారి చెప్పాల్సిన పనిలేదు. "నీ జబ్బు గురించి నీకెంతవరకు తెలుసుకోవాలనుంది నాన్నా?" అని అడగండి చాలు. "నువ్వు చూసుకోరా" అంటే చూసుకోండి. "మొత్తం చెప్పు" అంటే పక్కన కూర్చుని చెప్పండి, డాక్టర్ సాయం తీసుకోండి. వచ్చే రివ్యూకి వెళ్లేలోపు ఆ ఒక్క ప్రశ్న అడిగి చూడండి.