స్క్రూ తిప్పితే తగ్గేది శబ్దమే

హైదరాబాద్–వరంగల్ రోడ్డు మీద స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పాత మారుతి 800నో స్ప్లెండర్‌నో ఏదైనా షెడ్డు ముందు ఆపి, "అన్నా, యాక్సిలేటర్ ఇడిసినా రేసు తగ్గుతలేదు" అని అడిగి చూడండి. చాలాచోట్ల మాటకన్నా ముందు స్క్రూడ్రైవర్ బయటికొస్తుంది. స్లో స్పీడ్ స్క్రూ రెండు చుట్లు వెనక్కి తిరుగుతుంది, ఇంజన్ శాంతిస్తుంది. "పాత బండి గదా, గట్లనే ఉంటది. సెట్ చేసిన, పో." ఒక్క ఘన్‌పూర్‌లోనే కాదు, జనగామలో అయినా కాజీపేటలో అయినా వినిపించేది ఇదే. ఈ జవాబులో రెండు ముక్కలున్నాయి. రెండూ తప్పే.

ముందు "పాత బండి" సంగతి చూద్దాం. ఇంజన్‌కు వయసు మీదపడితే పిస్టన్ రింగులు అరుగుతాయి, వాల్వులు సరిగా కూర్చోవు, కంప్రెషన్ పడిపోతుంది. అలాంటి ఇంజన్ ఐడ్లింగ్‌లో వణుకుతుంది, సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. అంటే ముసలితనం రేసును తగ్గిస్తుంది, పెంచదు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. రోడ్డు మీద కనిపించే ఆఖరి 800కు కూడా పదేళ్లు దాటాయి. కార్బొరేటర్ ఉన్నవైతే దాదాపు పాతికేళ్లవి. వాటిలో సరిగ్గా 800–1,000 ఆర్‌పీఎం మధ్య నిలకడగా తిరిగేవి ఇంకా ఉన్నాయి. స్ప్లెండర్‌కు కంపెనీ చెప్పిన ఐడ్లింగ్ 1,400, అటూఇటూ 100. బండి పాతదైనంత మాత్రాన ఆ అంకె మారదు. రేసు పెరిగిందంటే ఫలానా చోట ఫలానా భాగం చెడిందనే అర్థం. వయసు మీదికి నెట్టడం వెతకడానికి బద్ధకించడమే.

ఇక స్క్రూ. ఐడ్లింగ్‌లో పెట్రోల్ ఇంజన్ నెమ్మదిగా తిరిగేది గాలి దొరకకే. థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది, ఇంజన్ లోపల్నుంచి పీలుస్తూ ఉంటుంది. ఆ పీల్పుకు ఎక్కడ సందు దొరికినా బయటి గాలి జొరబడుతుంది. కార్బొరేటర్ కింది గ్యాస్కెట్, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ జాయింటు, వేడికి బిరుసెక్కి చిట్లిన వాక్యూమ్ పైపు, స్ప్లెండర్ అయితే కార్బొరేటర్‌కూ హెడ్‌కూ మధ్య ఉండే ఓ-రింగ్, ఇలా ఎక్కడైనా కావచ్చు. స్క్రూ పని థ్రాటిల్‌ను కొంచెం తెరిచి పట్టుకోవడం, అంతే. గాలి పక్కదారిన వస్తుంటే స్క్రూ వెనక్కి తిప్పడమంటే, కిటికీ విరిగి ఇంట్లోకి గాలి కొడుతుంటే వెళ్లి వాకిలి మూయడం. ఆ తర్వాత ఐడ్లింగ్ నడిచేది చిల్లు దయమీదే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బండి పట్టుకోదు. మధ్యాహ్నం ఎండకు చిల్లు పెద్దదై మళ్లీ రేసు మొదలవుతుంది. మళ్లీ షెడ్డు, మళ్లీ స్క్రూ.

"గాలి లీకైతే ఇంజన్ ఆగిపోవాలి గానీ రేసు ఎలా పెరుగుతుంది?" అని ఎదురడిగేవాళ్లున్నారు. ఇది అడగాల్సిన ప్రశ్నే. కార్బొరేటర్ బండిలో పెద్ద లీకైతే మిశ్రమం పలచబడి ఇంజన్ నిజంగానే తడబడుతుంది. చిన్న లీకై, అప్పటికే మిశ్రమం చిక్కగా ఉంటే రేసు పెరుగుతుంది. కార్బొరేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ పోసే ఎంపీఎఫ్ఐ ఇంజన్లలో, మ్యానిఫోల్డ్ ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటే కథ వేరు. మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి పెరగడం చూసి, గాలి ఎక్కువొచ్చిందని కంప్యూటర్ దానికి తగ్గ పెట్రోల్ కూడా పోస్తుంది. తడబాటు ఉండదు, హాయిగా రేసు పెరుగుతుంది. అందుకే ఆ బండ్లలో లీకును పోల్చుకోవడం కష్టం. మసి పట్టి తెరుచుకుని ఉండిపోయిన ఐడిల్ కంట్రోల్ వాల్వు కూడా ఇదే పని చేస్తుంది. అక్కడ స్క్రూ జోలికి వెళ్లడం మరీ అన్యాయం. చాలా ఎంపీఎఫ్ఐ బండ్లలో దాన్ని కంపెనీయే సెట్ చేసి వదిలేస్తుంది.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది మాత్రం గాలి కాదు, కేబుల్. బైకు ఐడ్లింగ్‌లో ఉండగా హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి. రేసు మారితే కేబుల్ బిగుసుకుంది లేదా దారి తప్పింది. కారులో చోక్ వైరు పూర్తిగా వెనక్కి వెళ్లిందో లేదో చూడండి. పైసా ఖర్చు లేదు.

లీకు వెతకడానికి వేడి ఇంజన్ మీద పెట్రోల్ చల్లే అలవాటొకటి ఉంది. రేసు మారితే లీకు దొరికినట్టేనట. దొరుకుతుంది నిజమే, దాంతోపాటు నిప్పు కూడా అంటుకోవచ్చు. స్ప్రే సీసాలో మామూలు నీళ్లు చాలు. కాయిల్, డిస్ట్రిబ్యూటర్ తడవకుండా జాయింట్ల మీద కొద్దికొద్దిగా కొడితే, లీకున్న చోట ఇంజన్ శబ్దం మారుతుంది. రబ్బరు పైపులనైతే ఒక్కొక్కటీ మెత్తగా నొక్కి చూడాలి.

స్క్రూ వైద్యం ప్రమాదకరమని నేననేది ఈ పైపుల్లో ఒకదాని వల్లే. బ్రేకు బూస్టర్ ఉన్న కారులో మ్యానిఫోల్డ్ నుంచి బూస్టర్‌కు లావుపాటి పైపు వెళ్తుంది. పెడల్ తొక్కనప్పుడు అందులో గాలి కదలకూడదు. దాన్ని నొక్కగానే రేసు పడిపోయిందంటే ఆ పైపో, బూస్టర్ లోపలి డయాఫ్రమో చిరిగిందన్నమాట. స్క్రూ తిప్పి రేసు తగ్గించినవాడు బ్రేకు బూస్టర్ పోతోందని చెప్పే గుర్తును చెరిపేశాడు. శబ్దం లేదు, అనుమానమూ లేదు. హైవే మీద లారీ వెనక పెడల్ రాయిలా తగిలినప్పుడే తెలుస్తుంది.

థర్మోస్టాట్ పీకేసే అలవాటు గురించి కూడా చెప్పాలి. మన ఎండలకు ఇంజన్ వేడెక్కుతోందని దాన్ని తీసి పారేస్తారు. చలికాలం పొద్దున హైవే మీద ఆ ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ అయితే రేసు పెంచి ఉంచుతుంది, ఆటోమేటిక్ చోక్ అయితే వదలదు. తర్వాత వచ్చే నింద "సెన్సర్ పోయింది" అని. పోయింది సెన్సర్ కాదు, మీరు పీకిన థర్మోస్టాట్.

ఇప్పుడు కొత్త నింద ఇథనాల్ మీద. 20 శాతం కలిపిన పెట్రోల్ వచ్చాకే రేసు పెరిగిందంటున్నారు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత కార్బొరేటర్‌లో మిశ్రమం పలచబడుతుంది. పలచబడితే చాలావరకు ఇంజన్ తడబడుతుంది గానీ స్థిరంగా రేసు పెరగదు. పాత రబ్బరును అది చెరుపుతుందన్న మాటలో మాత్రం నిజముంది. అలా చెడిన పైపు మార్చడమే మందు, పెట్రోల్ బంకును తిట్టడం కాదు.

ఇక్కడివరకు చెప్పిందంతా పెట్రోల్ ఇంజన్ల సంగతి. డీజిల్ జీపుకు ఈ సలహాలు ఇవ్వొద్దు. డీజిల్‌లో వేగాన్ని నిర్ణయించేది గాలి కాదు, పంపు పోసే డీజిల్. లివర్ స్ప్రింగు, లింకేజీ, పంపు గవర్నర్, ఈ వరుసలో చూడాలి. తాళం తీసినా ఆగకుండా రేసు పెరుగుతూ పోతే అది తన ఇంజన్ ఆయిల్‌నే తాగుతూ ఉండొచ్చు. అప్పుడు గాలి దారి మూసి ఆపాలి.

తప్పంతా మెకానిక్‌ది కాదు. పది నిమిషాల్లో అయిపోవాలనేదీ, లీకు వెతికినందుకు కూలి అడిగితే ముఖం చిట్లించేదీ మనమే. పైపు ఖరీదు కన్నా వెతికే శ్రమకే విలువెక్కువ, ఆ డబ్బు ఇవ్వండి. ఈసారి స్క్రూడ్రైవర్ బయటికి తీస్తే చెయ్యి అడ్డంపెట్టి, ముందు కేబుల్, తర్వాత పైపులు చూడమనండి. బూస్టర్ పైపు నొక్కగానే రేసు పడిపోతే కారు అక్కడే వదిలి బస్సెక్కండి.