పొట్లముపై అక్షరములు

పొట్లములలో కట్టి అమ్మెడు ఆహారమున నేమున్నదో కొనువానికి తెలియవలెనని నిబంధనలు గలవు. మంచిదే. కాని ఎవరికి తెలియుచున్నదని మేమడుగుచున్నాము.

2020 సంవత్సరపు లేబిలు నిబంధనల ననుసరించి, తయారీలో కలిపిన చక్కెరను పొట్లము వెనుక పట్టికలో వేరుగా చూపవలెను. ఒక్కమారు తిను పరిమాణము దినపు లెక్కలో నెన్నవ పాలో చెప్పవలెను. దినమునకు 2000 కాలరీలు, కలిపిన చక్కెర 50 గ్రాములు, సోడియము 2000 మిల్లీగ్రాములు అని ఆ లెక్క. ఇది మేలైన మార్పే. అయినను ఒక చిక్కు గలదు. ఒక్కమారు తినునది 30 గ్రాములని వ్రాసి 10 శాతమని చూపుదురు. బాలుడు 100 గ్రాముల పొట్లమంతయు తిని దినపు లెక్కలో మూడవ వంతు ముగించును. కావున చదువరులు ముందుగా 100 గ్రాముల వరుసను చూడవలెను. ఉప్పను మాటయు పట్టికలో వెదకిన దొరకదు, సోడియమని యుండును. దానిని రెండున్నరచే హెచ్చించినచో ఉప్పగును. 800 మిల్లీగ్రాముల సోడియమనగా 2 గ్రాముల ఉప్పు. దినమునకు మితి 5 గ్రాములే.

ఈ గణితమంతయు చదువ నేర్చినవానికి. ఏ భాష చదువ నేర్చినవానికి? ఆంగ్లము గాని, దేవనాగరిలో హిందీ గాని చాలునని నిబంధన. తెలుగు నిషిద్ధము కాదు, విధియు కాదు. భారతీయుల కెంత ఆహారము వలయునో పరిశోధించు జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదుననే యున్నది. లెక్క మన యూర పుట్టినను పొట్లముపై మన లిపిలో నుండవలెనను నియమము లేకపోయెను!

2022లో పొట్లము ముందువైపున నక్షత్రములు వేయవలెనని ప్రతిపాదించిరి. ఆ పద్ధతిలో చక్కెర పాపమును పండ్ల పుణ్యము కొంత కడిగివేయును. నక్షత్రము మెప్పునకు గుర్తు, హెచ్చరికకు పనికిరాదు. చిలీ దేశమువారు 2016లోనే చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన పొట్లములపై నల్లని అష్టకోణములు ముద్రింపించిరి. మన దేశమున అక్షరమెరుగని అవ్వ సయితము పచ్చచుక్కను చూచి శాకాహారమని పోల్చుకొనుట లేదా? గుర్తు ముందుండుటచేతనే గదా!

చక్కెర, ఉప్పు, సంతృప్తపు కొవ్వుల వివరములను పెద్ద అక్షరములతో ముద్రించు ప్రతిపాదనకు ఆహార ప్రాధికార సంస్థ 2024 జూలైలో సమ్మతించెను. ముందువైపు లేబిలు విషయము మూడు నెలలలో తేల్చుమని సుప్రీముకోర్టు 2025 ఏప్రిలులో ఆదేశించెను. పెద్ద అక్షరములు సంతోషమే. అవి ఆంగ్లాక్షరములే యైనచో మన పల్లెల గృహిణికి చిన్నవైన నేమి, పెద్దవైన నేమి? ముందువైపున హెచ్చరిక గుర్తు, దాని క్రింద తెలుగు మాట, రెండును విధిగా నుండవలెనని ఆంధ్రప్రదేశ, తెలంగాణ ప్రభుత్వములు కేంద్రమునకు వ్రాయవలెనని మేము కోరుచున్నాము.