గీతలు నిండుగా ఉన్నా ఫోటో కదలదేం?

"గీతలు నిండుగా ఉన్నాయి, ఫోటో మాత్రం వెళ్ళదు. ఎందుకండీ?" మన ఉగాది వేడుకలప్పుడు ఏటా ఎవరో ఒకరు నన్ను అడిగే ప్రశ్న ఇది.

ఆ గీతలు చెప్పేది టవరు మాట మనకి ఎంత గట్టిగా వినిపిస్తోందో, అంతే. ఆ టవరుని ఇంకెంతమంది పంచుకుంటున్నారో అవి చెప్పవు. బంతి నిండా జనం, వడ్డించే చెయ్యి ఒక్కటి!

రేడియో తరంగాలు మోయగలిగే సమాచారానికి ఒక హద్దు ఉందని క్లాడ్ షానన్ 1948లోనే లెక్క కట్టి చూపించాడు. దారి ఎంత వెడల్పు, రొద కన్నా మన సంకేతం ఎంత గట్టిది అన్న రెండిటి మీదా ఆ హద్దు ఆధారపడుతుంది. వెడల్పు రెట్టింపైతే లాభమూ రెట్టింపు. బలం రెట్టింపు చేస్తే మాత్రం అంత రాదు. వెడల్పేమో కోట్ల డాలర్ల సరుకు. అందుకని ఇంజనీర్లు ఒక్కో సంకేతంలో ఎక్కువ బిట్లు కుక్కడం మొదలెట్టారు. 256 రకాల సంకేతాలు వాడితే ఒక్కోదానిలో 8 బిట్లు పడతాయి. వైఫై 7లో 4096 రకాలు, 12 బిట్లు. రకాలు 16 రెట్లు పెరిగితే దక్కింది ఒకటిన్నర రెట్లు! పైగా అవి ఒకదానికొకటి అంత దగ్గరగా ఉండటంతో కాస్త రొదకే కలిసిపోతాయి. రౌటరు పక్కన కూర్చుంటేగాని ఆ లాభం దక్కదు.

అసలు చమత్కారం నాకు మరోచోట కనిపిస్తుంది. భారత నౌకాదళంలో సోనార్ల మీద పనిచేసి స్టాన్‌ఫర్డ్ చేరిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్, థామస్ కైలాత్‌తో కలిసి 1992లో ఒక పేటెంటుకి దరఖాస్తు పెట్టారు. ఒకే పౌనఃపున్యం మీద, ఒకే క్షణంలో, రెండు మూడు యాంటెనాలు వేరువేరు సమాచారం పంపితే? కలగాపులగం అవాలి. కాని గోడలకి కొట్టుకుని తరంగాలు తలో దారినా వస్తాయి కనుక, అవతల కూడా అన్నే యాంటెనాలు ఉంటే లెక్క కట్టి విడదీయవచ్చు. అన్నాళ్ళూ శత్రువనుకున్న ప్రతిధ్వనే చుట్టమయింది. దీన్నే మైమో అంటున్నారు.

మన కార్యవర్గం హాల్లో వైఫై పెట్టించే ఆలోచనలో ఉంది గనుక నా మాట ఒకటి. ఒకే పెద్ద యంత్రం వద్దు. తక్కువ బలంతో, వేరువేరు చానళ్ళ మీద, చిన్నవి ఆరో ఏడో పెట్టించండి. గొంతు తగ్గించుకుంటే ఒకే హాల్లో పది ముచ్చట్లు సాగుతాయి. ఒకరు మైకు పుచ్చుకుంటే మిగతావాళ్ళు ఊరుకోవలసిందే. టవర్లని దగ్గర దగ్గరగా పెట్టి, అవే తరంగాలని మళ్ళీ మళ్ళీ వాడుకోవడం వల్లనే ఇన్నేళ్ళ ప్రగతిలో సింహభాగం వచ్చిందని సెల్‌ఫోను పితామహుడు మార్టిన్ కూపర్ కూడా అంటాడు.

2020లో ఎఫ్‌సీసీ 6 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 1200 మెగాహెర్ట్జ్‌ని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని వదిలింది. కొనేటప్పుడు అది ఉన్న యంత్రాలే చూడండి. పాత ఫోన్లకి ఆ దారి తెలియదు గాని, కొత్తవి అటు మళ్ళితే పాతవాటికి ఇటు చోటు మిగులుతుంది.