కొనేటప్పుడు ఉన్న ఊరు

వారంటీ అన్న మాటకు నిఘంటువులో హామీ అనే అర్థం కనిపిస్తుంది. మా నూజివీడు ప్రాంతంలో ఆ హామీకి ఒక దూరం కూడా ఉంటుంది. వస్తువు ధర హైదరాబాదులో ఎంతో ఇక్కడా అంతే. హామీ మాత్రం సర్వీసు సెంటరుకు దూరమవుతున్న కొద్దీ పలచబడుతూ, ఆగిరిపల్లి దాటేసరికి పూర్తిగా ఆవిరైపోతుంది.

మా అన్నయ్య కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. రెండు మామిడి సీజన్లలో కాటా దగ్గర లెక్కలు రాసి సంపాదించిన సొమ్ముకు ఇంట్లో ఇచ్చినది కలిపి, ఆన్‌లైనులో ఒక వీడియో గేము యంత్రం కొనుక్కున్నాడు. సంస్థ పేరు ఇక్కడ అప్రస్తుతం. పేరు మార్చినా కథ మారదు. డెలివరీ కుర్రవాడు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో అందించి వెళ్ళాడు. ఏడో నెలలో యంత్రంలోని ఫ్యాను పిండిమరలా రొద చేయసాగింది. కొన్నాళ్ళకు ఆట మధ్యలో తెర నల్లబడడం, చివరికి మీట నొక్కినా దీపం వెలగకపోవడం.

కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే హిందీకి ఒక అంకె, ఇంగ్లీషుకు ఒక అంకె చెప్పారు. తెలుగుకు అంకె లేదు. ఇరవై నిమిషాల సంగీతం విన్న తరువాత ఒకాయన పిన్‌కోడు అడిగాడు. 521201 అని చెప్పాడు మావాడు. ఆ పిన్‌కోడుకు పికప్ సౌకర్యం లేదు సర్, అని జవాబు. ఇదే పిన్‌కోడుకు యంత్రాన్ని పంపారు కదా అంటే, అది డెలివరీ విభాగమట, ఇది వేరే విభాగమట. (2022 ఏప్రిల్ 4న మా ఊరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాకు వెళ్ళింది. జిల్లా మారింది గాని పిన్‌కోడు మారలేదని మనవి.) అమ్మేటప్పుడు దేశపటంలో ఉన్న ఊరు ఏడు నెలలు తిరిగేసరికి ఎలా చెరిగిపోయిందో ఆ రెండు విభాగాలే చెప్పాలి.

సరే, బెజవాడ. పోను నలభై కిలోమీటర్ల పైమాట, రాను అంతే. మొదటిసారి సర్వరు పనిచేయలేదు. రెండోసారి యంత్రాన్ని ఉంచుకున్నారు. మూడోసారి తిరిగి చేతిలో పెట్టి, వోల్టేజి హెచ్చుతగ్గుల వల్ల పాడైంది, వారంటీ వర్తించదు అన్నారు. ఆ ముక్కే కాగితం మీద రాసి ఇమ్మంటే, అలా ఇచ్చే పద్ధతి లేదన్నారు.

నాకు బాగుచేయకపోవడం కన్నా ఈ రాసివ్వకపోవడమే పెద్ద అన్యాయంగా తోచింది. యంత్రం అడుగున 100 నుంచి 240 వోల్టుల దాకా అని వారే అచ్చువేశారు. మా వీధి కరెంటు ఆ హద్దు దాటిందని అంటున్నవారు ఏ పరీక్ష చేసి తెలుసుకున్నారో చెప్పాలా వద్దా? నోటిమాటకు సంతకం ఉండదు, దానిమీద అప్పీలు ఉండదు. మామిడి మార్కెట్టులో దళారులు తరుగు పేరిట రైతు సొమ్ము కోస్తారని మేము దశాబ్దాలుగా గగ్గోలు పెడుతూనే ఉన్నాం. అయినా తరుగు ఎంత తీశారో లెక్కలో కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని పోట్లాడవచ్చు. ఇక్కడ ఆ పాటి చీటీ కూడా లేదు. పైగా, కాయ అమ్మితే అది చెడిపోయిన నష్టం అమ్మినవాడిది. యంత్రం కొంటే అది చెడిపోయిన నష్టం కొన్నవాడిది. రెండు చోట్లా మావాళ్ళే!

ఆటవస్తువు గురించి ఇంత రాద్ధాంతమా అని పెద్దలు కొందరు నవ్వారు. తోటలో మందు కొట్టే స్ప్రేయరు చెడిపోయినా ఇదే పిన్‌కోడు, ఇదే జవాబు. అప్పుడు నవ్వగలరేమో చూడాలి.

సంస్థలకు చేతకాక ఇలా జరుగుతోందని నేను అనుకోను. ఎక్స్‌బాక్స్ 360 యంత్రాల ముందుభాగాన మూడు ఎర్ర దీపాలు వెలిగి చచ్చిపోయిన ఉదంతం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది ఇళ్ళలో కరెంటు తప్పు కాదు. వేడెక్కడం, చల్లారడం పదేపదే జరిగి లోపలి అతుకులు విరిగిపోయేవి. 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్ళకు పెంచి, అందుకుగాను వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు రాసుకుంది. కొనుగోలుదారులు గట్టిగా అరిచారు గనుక రాసుకుంది. అరుపుకు బలం చట్టం నుంచి కూడా వస్తుంది. ఈ స్టిక్కరు చింపితే వారంటీ పోతుంది వంటి బెదిరింపుల మీద 2018లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపింది. వాటిలో సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో మూడూ ఉన్నాయి.

ఊరూరా సర్వీసు సెంటరు పెట్టమని నేను అడగడం లేదు. అది గిట్టుబాటు కాదని నాకూ తెలుసు. వస్తువును తెచ్చి ఇచ్చిన బండి దాన్ని తిరిగి తీసుకుపోవాలి. కాదన్నప్పుడు కారణం కాగితం మీద ఉండాలి. ఈ రెండూ లేని వారంటీ ఉన్న చోట అమ్మకానికి ముందే, మీ పిన్‌కోడుకు హామీ లేదు, అందుకని ధర ఇంత తగ్గిస్తున్నాం అని చెప్పడం మర్యాద.

మన చట్టం మాత్రం ఈ దూరం సంగతి కొంత గ్రహించింది. 1986 నాటి చట్టం కింద అవతలివారు వ్యాపారం చేసే చోటనో, వివాదం పుట్టిన చోటనో ఫిర్యాదు చేయవలసి వచ్చేది. 2020 జూలైలో అమలులోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షను ప్రకారం, మనం నివసించే జిల్లా కమిషనులోనే వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. ప్రయోగశాల పరీక్ష అవసరమైన కేసును ఐదు నెలల్లో, అవసరం లేనిదాన్ని మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని కూడా రాశారు. ప్రయత్నించాలి అన్న క్రియాపదం దగ్గర నాకు కొంచెం దిగులు కలిగిన మాట నిజం.

మావాడు ఫిర్యాదు తెలుగులోనే రాస్తున్నాడు. యంత్రం ధరతో పాటు బెజవాడకు తిరిగిన ఖర్చు కూడా కలిపి అడగమన్నాను. "మూడు సార్లు వెళ్ళాను గాని బాబాయ్, రెండు సార్ల టిక్కెట్లే దాచాను" అన్నాడు. ఆ రెండూ జతచేస్తున్నాం.