నిండని నెలలు, నిండని హామీ

2017 ఆగస్టు చివరిలో జంషెడ్పూరు నుంచి వచ్చిన ఒక వార్త రాజధానిలో కొద్ది రోజులు వినిపించి సద్దుమణిగింది. అక్కడి మహాత్మా గాంధీ స్మారక వైద్య కళాశాల ఆసుపత్రిలో 30 రోజులలో 52 మంది శిశువులు మరణించారన్నది ఆ వార్త. పోషకాహార లోపమే కారణమని ఆసుపత్రి అధికారులు సెలవిచ్చారు. గోరఖ్‌పూరు విషాదం జరిగి అప్పటికి రెండు వారాలైంది. పార్లమెంటు వర్షాకాల సమావేశాలు ఆగస్టు 11నే ముగిశాయి గనుక అడిగేందుకు సభ లేదు, జవాబు చెప్పవలసిన అగత్యం మంత్రికీ లేదు.

అధికారుల జవాబు నిజమే కావచ్చు. కాని పుట్టి నాలుగు రోజులైనా కాని బిడ్డకు పోషకాహార లోపం ఎక్కడి నుంచి వచ్చింది? తల్లి నుంచి. ఆమె రక్తహీనత, నెలలు మీద పడినా మానలేని కూలిపని, ఎడం లేని కాన్పులు బిడ్డ నెలలు నిండకుండానే పుట్టడానికి, బరువు తగ్గడానికి దారితీస్తాయి. 2020లో మన దేశంలో సుమారు 30 లక్షల మంది 37 వారాలు నిండకముందే పుట్టారని అంచనా. ప్రపంచంలో అటువంటి ప్రతి అయిదుగురిలో ఒకరు మనవారే.

ఈ బిడ్డల అవస్థలు అనేకం. ఊపిరితిత్తులలోని గాలి గదులు ముడుచుకుపోకుండా కాపాడే జిగురు పదార్థం అప్పటికింకా తగినంతగా తయారై ఉండదు. చర్మం కింద కొవ్వు లేనందున ఒళ్లు త్వరగా చల్లబడుతుంది, రక్తంలో చక్కెర పడిపోతుంది. ప్రాణవాయువు మోతాదు మించితే కంటిచూపుకు ముప్పు. సుమారు 34 వారాల లోపు బిడ్డకు చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఒక్కసారిగా చేతకాదు. పాలు గొట్టం ద్వారా పోయవలసిందే. ఆ పాలు తల్లివే కావాలి. డబ్బాపాలు పట్టిన బిడ్డలలో పేగుల గోడలు కుళ్లిపోయే వ్యాధి ఎక్కువ. మరీ తక్కువ బరువున్న వారికి తల్లిపాలలోనే మాంసకృత్తులు, కాల్షియం, భాస్వరం అదనంగా కలపాలి. ఇనుము నిల్వలు చేరేది చివరి మూడు నెలలలో గనుక అదీ విడిగా ఇవ్వాలి. హైదరాబాదు నిలోఫర్ ఆసుపత్రిలో 2017లో మొదలైన ధాత్రి తల్లిపాల నిధి వంటివి ప్రతి జిల్లాకూ అవసరం.

చికిత్స అంతా ఖరీదైనదనుకోవడం పొరపాటు. బిడ్డను తల్లి గుండెలకు ఆనించి ఉంచే పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో ఆరంభమైంది. మన సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా పాల్గొన్న అయిదు దేశాల పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు బిడ్డలకు పుట్టిన వెంటనే ఇలా చేస్తే, స్థిమితపడ్డాక మొదలుపెట్టినప్పటికంటే మరణాలు నాలుగవ వంతు తగ్గాయి. అయితే ఇందుకు తల్లి వారాల తరబడి వార్డులోనే ఉండాలి. రోజు కూలి పోతే ఇంట్లో మిగిలిన పిల్లల నోటికి కూడు ఎవరు పెడతారు?

జంషెడ్పూరులో ఈ ప్రశ్న కొత్తది కాదు. టాటా ఉక్కు కంపెనీ తన మహిళా కార్మికులకు ప్రసూతి సౌకర్యాన్ని 1928లోనే కల్పించింది. కేంద్ర ప్రసూతి సౌకర్య శాసనం వచ్చింది 1961లో. నెలలు నిండని కాన్పు వల్ల అస్వస్థురాలైన ఉద్యోగినికి మరో నెల వేతన సెలవును ఆ శాసనంలోని 10వ సెక్షన్ ఇచ్చింది. 2017లో ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26కు పెంచారు గాని ఆ నెలను తాకలేదు. అదయినా ఉద్యోగినులకే. ఉక్కునగరాన్ని నమ్ముకుని శ్రీకాకుళం సీమ నుంచి వలస వెళ్లిన మన కుటుంబాలలోనైనా, సింగ్‌భూమ్ పల్లెలలోనైనా, కూలి చేసుకునే తల్లికి దిక్కు 2013 నాటి ఆహార భద్రతా చట్టమే. కనీసం 6,000 రూపాయలని అందులో రాశారు. 2017లో వచ్చిన పథకం దానిని తొలి కాన్పుకే పరిమితం చేసి, 5,000కు కుదించి, మూడు వాయిదాలు చేసింది. రెండవ బిడ్డ ఆడపిల్లయితే 6,000 ఇవ్వడం 2022లో వచ్చిన మార్పు. తొలి నిబంధనల ప్రకారం చివరి వాయిదా అందేది బిడ్డకు మొదటి విడత టీకాలు పూర్తయిన తరువాతనే. తల్లి వార్డు విడిచి కదలరాని వారాలలో ఆ సొమ్ము చేతికి రాదన్నమాట!

నవజాత శిశు విభాగాలు ఆరోగ్య శాఖవి, ఈ సొమ్ము మహిళా శిశు అభివృద్ధి శాఖది, సెలవు కార్మిక శాఖది. ఏ శాఖను అడిగినా పక్క శాఖ వైపు చూపడం ఢిల్లీలో అలవాటే. పద్దులు చర్చ లేకుండా గిలెటిన్ పాలయ్యే సభలో, నెలలు నిండని బిడ్డతో ఆసుపత్రిలో చేరిన తల్లికి ఆ రోజు నుంచే కూలి నష్టం చెల్లించాలని మన సభ్యులలో ఒక్కరైనా నోటీసు ఇవ్వాలి.